‘పర్సోంచ్’ మార్చిన బెల్టు

హైదరాబాద్ పాతబస్తీలో ‘పర్సోం’ అనే మాటకు డిక్షనరీ అర్థం పనికిరాదు. హిందీలో అయితే మొన్న, లేదంటే ఎల్లుండి. ఇక్కడ మాత్రం గడిచిపోయిన కాలమంతా పర్సోమే. పోయిన వారం అయిన పెళ్లీ పర్సోమే, పదేళ్ల కింద కట్టిన ఇల్లూ పర్సోమే. చివర ఒక ‘చ్’ తగిలిస్తే ఇంకా గట్టిగా అన్నట్టు. పర్సోంచ్. అంటే, మొన్న‘నే’.

మొఘల్‌పురాలో ఒక పెద్దాయన దగ్గర నేను సెకండ్ హ్యాండ్ కారు కొన్నప్పుడు అడిగిన ప్రశ్నకు దొరికిన జవాబు ఇదే.

“టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్పించారు చాచా?”

“పర్సోంచ్ డలాయా బేటా.”

బిల్లు లేదు. ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చారో గుర్తు లేదు. ఓనర్స్ మాన్యువల్ ఎప్పుడో పోయింది. ఆయన అబద్ధం చెప్పాడని నేను అనుకోవట్లేదు. మార్పించే ఉండొచ్చు. ఆ పర్సోం పోయిన దసరానా, లేక కరోనాకి ముందా అన్నదే తేలాలి.

బండి 2014 మోడల్ డీజిల్ ఎస్‌యూవీ. మీటరు మీద 82 వేల కిలోమీటర్లు. కంపెనీ పేరు చెప్పను, చెబితే చర్చంతా దాని మీదకే పోతుంది. నేను గచ్చిబౌలిలో కోడ్ రాసుకునే మనిషిని. ఇంజినీరింగ్ డిగ్రీ ఉంది కదా అని ఇంట్లోవాళ్లు మిక్సీ దగ్గర్నుంచి మోటారు దాకా అన్నీ నన్నే అడుగుతారు, అది వేరే సంగతి. కార్తీక మాసంలో అమ్మానాన్న జగిత్యాల నుంచి వస్తే శ్రీశైలం తీసుకెళ్తానని మాటిచ్చాను. ఆ దారి తెలిసినవాళ్లకు నా భయం చెప్పక్కర్లేదు. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అంతా నల్లమల. చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవి గేట్లు మూసేస్తారు. నాన్నకు మోకాళ్ల నొప్పులు. అక్కడ మలుపుల్లో బండి ఆగిపోతే మెకానిక్‌కి ఫోన్ చేసే మాటే ఉండదు.

మామూలుగా ఆగిపోతే ఫర్వాలేదు. టైమింగ్ బెల్టు తెగితే బండి మామూలుగా ఆగదు.

బండి ఇంజన్‌లో కింద క్రాంక్‌షాఫ్ట్ తిరుగుతుంది, అది పిస్టన్లను పైకీ కిందకీ నడిపిస్తుంది. పైన క్యామ్‌షాఫ్ట్ తిరుగుతుంది, అది వాల్వులను తెరిచి మూస్తుంది. కింద రెండు చుట్లు తిరిగితే పైన ఒక్క చుట్టు. ఈ లెక్క తప్పకుండా రెంటినీ కలిపి ఉంచేది పళ్లున్న ఒక రబ్బరు బెల్టు. లోపల గాజు నారతో చేసిన దారాలుంటాయి. ఇంజన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు నిమిషానికి 1,000 సార్లు తెరుచుకుంటుంది, అంటే సెకనుకు 16 సార్ల పైనే. వాల్వు దిగిన చోటికే పిస్టన్ కూడా వస్తుంది, కాకపోతే ఇద్దరి టైమూ వేరు. బెల్టు తెగిన క్షణాన ఆ టైము పోతుంది. పిస్టన్ వచ్చి తెరిచున్న వాల్వును గుద్దుతుంది. డీజిల్ ఇంజన్లలో లోపల జాగా మరీ తక్కువ కాబట్టి తప్పించుకోవడం కష్టం. వాల్వులు వంగుతాయి, ఒక్కోసారి పిస్టన్ కూడా పోతుంది. అలా జరిగితే ఖర్చు ఎంతవుతుందని అడిగితే 70 వేల కంటే తక్కువ ఎవరూ చెప్పలేదు. ముందే బెల్టు మార్చుకుంటే దానిలో నాలుగో వంతు.

మరి మార్చేస్తే పోలా అంటారు. ఎప్పుడు మార్చాలో మీరు కూడా నలుగుర్ని అడిగి చూడండి.

సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే, “80 వేల కిలోమీటర్లు లేదా 5 ఏళ్లు, ఏది ముందొస్తే అది” అన్నారు. క్యాబ్ నడిపే మా బావ, “లక్షా ఇరవై దాకా దాన్ని ముట్టుకోకు” అన్నాడు. ఒక వీడియోలో ఒకాయన కవరు విప్పి, బెల్టు వెనక్కి మడిచి చూసి, పగుళ్లు లేకపోతే ఢోకా లేదన్నాడు. ఆఫీసులో పక్క సీటు అబ్బాయి అయితే, “నా స్విఫ్ట్ డీజిల్‌కి లక్షన్నర అయింది, అసలు మార్చనే లేదు” అని నవ్వాడు. అతని కారులో ఉన్నది 1.3 మల్టీజెట్ ఇంజన్, దానికి బెల్టే లేదు, ఇనుప చైన్ ఉంటుంది. మారుతి 800కి బెల్టు, పాత ఇన్నోవా డీజిల్‌కి బెల్టు, డస్టర్ డీజిల్‌కీ బెల్టే. వేరే ఇంజన్ వాడి అనుభవం నిజమే అయినా మనకు పనికిరాదు. సలహాల్లో సగం గందరగోళం ఇక్కడే పుడుతుంది.

ఒక శనివారం బండి ఇంట్లోనే పెట్టి పాతబస్తీ వైపు వెళ్లాను. కోఠి వెనకాల పుత్లీబౌలి, జాంబాగ్ రోడ్డు మూసీకి ఇవతలే ఉంటాయి గానీ, పాతబస్తీ మెకానిక్‌లకు సామాన్ల గది అదే. షట్టరు ఎత్తితే సీలింగ్ దాకా అట్టపెట్టెలు. కౌంటర్ అవతల సేఠ్ నన్ను కారు పేరు అడగలేదు, ఇంజన్ నంబర్ అడిగాడు. ఆర్‌సీ ఫొటో చూపించాను. బెల్టు ఎప్పుడు మార్చాలి అని అడిగితే ఆయన చెప్పిన మాట నాకు చాలా నచ్చింది. “బెల్టు గురించి అందరూ అడుగుతారు. టెన్షనర్ గురించి ఎవరూ అడగరు.”

బెల్టును బిగించి ఉంచే చిన్న చక్రం టెన్షనర్. దారి మళ్లించేది ఐడ్లర్. నా ఇంజన్‌లో వాటర్ పంపును కూడా ఈ బెల్టే తిప్పుతుంది. వీటిలో ఏ ఒక్క బేరింగ్ పట్టేసినా బెల్టు ఎంత కొత్తదైనా తెగుతుంది, లేదంటే పళ్లు జారుతుంది. పని మొత్తం విప్పడంలోనే ఉంది కాబట్టి, విప్పినప్పుడు అన్నీ కలిపి మార్చాలన్నది ఆయన మాట. ఆయన సామాన్లు అమ్ముకునేవాడే, నిజమే. అలాగని చెప్పింది తప్పు కాదు. కొనేటప్పుడు పెట్టె మీద తయారైన తేదీ చూసుకోమని కూడా ఆయనే చెప్పాడు. రబ్బరు కదా, గోడకు వేలాడుతూ కూడా ముసలిదవుతుంది.

అక్కణ్ణుంచి అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపూల్ దాటి సాలార్‌జంగ్ మ్యూజియంలోకి వెళ్లాను. చిన్నప్పుడు స్కూల్ ట్రిప్‌లో చూసిన గడియారాన్ని మళ్లీ చూడాలనిపించింది. గంట కొట్టడానికి కొన్ని నిమిషాల ముందు జనం బెంచీల మీద సర్దుకుని, ఫోన్లు పైకెత్తి కూచుంటారు. గడియారంలోని చిన్న కమ్మరి సెకనుకో దెబ్బ కొడుతూనే ఉంటాడు. టైముకి గడ్డం బొమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్ని సార్లు గంట మోగించి లోపలికి పోతుంది. నేను ఈసారి బొమ్మను చూడలేదు. లోపలి పళ్ల చక్రాల గురించే ఆలోచిస్తూ కూచున్నాను. అందులో ఒక పన్ను జారితే గడ్డం బొమ్మ ఆలస్యంగా వస్తుంది, జనం విసుక్కుంటారు. అంతకు మించి పోయేదేం లేదు.

బయటికొచ్చి మదీనా దగ్గర నిలబడితే, అసలు సంగతి అక్కడ తట్టింది. చార్మినార్ వైపు పోయే వాహనాలు కదలట్లేదు. ఆటోలు, తోపుడుబండ్లు, ఒక స్కూల్ వ్యాను, దాని వెనక అచ్చం నా బండి లాంటిదే ఇంకోటి. ఇంజన్ తిరుగుతోంది, చక్రం తిరగట్లేదు.

కారు కొన్నప్పుడు చాచా గొప్పగా చెప్పిన మాట గుర్తొచ్చింది. “సిటీలోనే తిరిగింది బేటా, హైవే ఎక్కలేదు.” పత్తర్‌గట్టిలో ఫోన్ తీసి లెక్క వేశాను. సిటీలో నా బండి డ్యాష్‌బోర్డు చూపించే సగటు వేగం గంటకు 20 కిలోమీటర్లు. ఆ లెక్కన 80 వేల కిలోమీటర్లకు 4,000 గంటలు. హైవేలో సగటు 60 అనుకుంటే అదే దూరానికి 1,333 గంటలు. సిటీలో ఇంజన్ సగటున నిమిషానికి 1,200 చుట్లు, హైవేలో 1,800 అనుకుందాం. సిటీ బండిలో క్రాంక్‌షాఫ్ట్ 28.8 కోట్ల చుట్లు తిరిగితే, హైవే బండిలో 14.4 కోట్లు. ఇది అంచనా లెక్కే, కానీ తేడా రెట్టింపు. మీటరేమో రెండింటికీ 80 వేలే చూపిస్తుంది.

మా బావ చెప్పిన లక్షా ఇరవై కూడా దీంతో అర్థమైంది. ఆయన క్యాబ్ రోజూ విజయవాడ హైవే మీదే ఉంటుంది. ఆయన బెల్టుకు లక్షా ఇరవై సరిపోవచ్చు. సర్వీస్ సెంటర్ వాళ్ల 80 వేలు నాకంటే ఎక్కువ ట్రాఫిక్ చూసిన బండికి కూడా వర్తించేలా పెట్టిన అంకె. ఇద్దరూ కిలోమీటర్లలోనే మాట్లాడుతున్నారు గానీ, ఆ కిలోమీటర్లు ఒకటి కావు. పైగా సెకండ్ హ్యాండ్ బండిలో ఆ మీటరునే పూర్తిగా నమ్మలేం. సర్వీస్ రికార్డులో పాత రీడింగులు వరుసగా పెరుగుతూ వస్తేనే దానికి విలువ. నా బండికి 2019 దాకా రికార్డు ఉంది, ఆ తర్వాత ఖాళీ.

చార్మినార్‌కు నాలుగు వైపులా ఉన్న గడియారాలు 1889లో పెట్టినవి. కట్టడమేమో 1591 నాటిది. మక్కా మసీదు పక్కన నిమ్రాలో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ అయ్యాక లాడ్ బజార్ లోంచి ఖిల్వత్ వైపు నడిచాను. గాజుల దుకాణాల మధ్య సెల్ఫీలు దిగేవాళ్లను తప్పించుకుంటూ పోవడం ఒక పని. చౌమహల్లా ప్యాలెస్ గేటు మీద ఇంకో గడియారం ఉంటుంది, ఖిల్వత్ గడియారం అంటారు. రెండు వందల ఏళ్లు దాటినా నడుస్తోంది. గడియారాలు బాగుచేసే ఒక కుటుంబం వారం వారం దానికి కీ ఇస్తుంది. అది ఆగేదాకా ఎవరూ చూస్తూ కూర్చోరు.

లోపల పాత కార్ల దగ్గర పసుపు రంగు రోల్స్‌రాయిస్ ముందు నేను చాలాసేపు ఉన్నాను. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్, వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కోసం చేయించింది. ఆయన 1911లోనే చనిపోయారు, దాంతో అది కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ దగ్గరకు వచ్చింది. ఊరేగింపులకే వాడేవారు. వందేళ్లు దాటిన కారు తిరిగింది కొన్ని వందల మైళ్లే. మన ఓఎల్‌ఎక్స్ భాషలో చెప్పాలంటే ‘సింగిల్ హ్యాండ్, లెస్ డ్రివెన్, షోరూమ్ కండిషన్’. అయినా దాన్ని మళ్లీ కదిలేలా చేయడానికి పెద్ద మరమ్మతే చేయాల్సి వచ్చింది. తిరగనంత మాత్రాన బండి వయసు ఆగదు.

దానికి రబ్బరు టైమింగ్ బెల్టు ఉండే చాన్సే లేదు. అలాంటి బెల్టుతో కార్లు భారీగా తయారవడం 1962లో జర్మనీలో గ్లాస్ 1004 అనే చిన్న కారుతో మొదలైంది. చప్పుడు తక్కువ, ఖర్చు తక్కువ, నూనె అక్కర్లేదు. అందుకు బదులుగా మనం ఇచ్చేది ఒక గడువు. మాన్యువల్స్‌లో కిలోమీటర్ల పక్కన ఏళ్లు కూడా ఎందుకు రాస్తారంటే ఇందుకే. వేడికి, దుమ్ముకు, ఆయిల్ తగిలితే, ఊరికే నిలబెట్టినా రబ్బరు గట్టిపడుతుంది. నా కేసులో కిలోమీటర్లు అనుమానం, పర్సోం అనుమానం. ఎవరూ మార్చలేనిది ఒక్కటే, ఆర్‌సీ మీద తయారైన నెల, సంవత్సరం. బెల్టు ఒరిజినల్‌దే అయితే దానికి పదేళ్లు దాటాయి.

తర్వాతి శనివారం బండి తీసుకుని శాలిబండ, అలియాబాద్, ఫలక్‌నుమా మీదుగా చాంద్రాయణగుట్ట వెళ్లాను. మేం శ్రీశైలం పోవాల్సిన రోడ్డు కూడా అదే. చాంద్రాయణగుట్ట నుంచి పహాడీషరీఫ్, తుక్కుగూడ, కల్వకుర్తి అని సాగిపోతుంది. అక్కడ రేకుల షెడ్డులో ఒక ఉస్తాద్ ఉన్నాడని మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చెప్పాడు. పాతబస్తీలో మంచి మెకానిక్‌ని పేరు పెట్టి పిలవరు, ఉస్తాద్ అనే అంటారు. అరవై ఏళ్లుంటాయి. బానెట్ కూడా తెరవకుండా మూడు ప్రశ్నలడిగాడు. బిల్లు ఉందా? ఇంజన్ ముందు భాగంలో ఆయిల్ కారుతోందా? ఎక్కడికి పోతున్నారు?

బిల్లు లేదన్నాను. “బిల్ నహీఁ తో బెల్ట్ నహీఁ” అన్నాడు. బిల్లు లేకపోతే మార్చనట్టే లెక్క.

పక్క షెడ్డు ఆయన చాయ్ గ్లాసుతో వచ్చి అడ్డుపడ్డాడు. “కాయ్‌కు ఖోల్తే ఉస్తాద్? కంపెనీ బిగించింది బాగానే నడుస్తుంటే ఎందుకు విప్పుతావ్? లక్ష దాకా పోనీ.” నేను విన్న సలహాల్లో మార్చొద్దనే వైపు గట్టి వాదన ఇదొక్కటే. బెల్టు తెగి పోయిన ఇంజన్లున్నట్టే, సరిగ్గా బిగించక పోయిన ఇంజన్లూ ఉన్నాయి. ఒక్క పన్ను అటూ ఇటూ అయితే పికప్ పోతుంది, స్టార్ట్ కాదు, ఇంకా ఎక్కువ జరిగితే ఏ ప్రమాదానికి భయపడి విప్పామో అదే జరుగుతుంది. ఉస్తాద్ వాదించలేదు. గోడకున్న పెట్టె దించి నా ఇంజన్‌కు సరిపోయే లాకింగ్ పిన్నులు చూపించాడు. క్రాంక్‌నీ క్యామ్‌నీ కదలకుండా పట్టే ఇనుప ముక్కలవి. “ఇవి లేనోడు విప్పొద్దు, నువ్వు చెప్పింది కరెక్టే” అన్నాడు పక్క షెడ్డు ఆయనతో.

సలహా ఇచ్చినవాళ్లను ఆ షెడ్డులో స్టూలు మీద కూచుని మళ్లీ ఒకసారి తలచుకున్నాను. సర్వీస్ సెంటర్ మాట తప్పయితే వాళ్లకు పోయేదేం లేదు, ముందే మార్చినందుకు నాకు కొంచెం డబ్బు పోతుంది. బావ మాట తప్పయితే ఆయన బండి బాగానే ఉంటుంది, నాది నల్లమలలో ఆగుతుంది. వీడియో ఆయన నన్ను ఎప్పటికీ చూడడు. ఉస్తాద్ ఒక్కడికే, పని తేడా వస్తే నేను మళ్లీ అదే షెడ్డు ముందు నిలబడతాను. మార్చమన్నాను. జాంబాగ్ సేఠ్ దగ్గర తెచ్చిన కిట్టు, వాటర్ పంపు, కూలెంట్, కూలీ అన్నీ కలిపి 16 వేల చిల్లర.

విప్పేసరికి మధ్యాహ్నం రెండు. పాత బెల్టు చేతికిచ్చాడు. వెనక్కి వంచి చూశాను, ఒక్క పగులు లేదు. పళ్లు నిండుగా ఉన్నాయి. మీద అచ్చు అక్షరాలు సగం అరిగిపోయి, కొత్తదో పాతదో చెప్పేలా లేవు. పక్క షెడ్డు ఆయన ముఖం వెలిగిపోయింది. అప్పుడు ఉస్తాద్ టెన్షనర్ తీసి నా చేతిలో పెట్టి, తిప్పి చూడమన్నాడు. నున్నగా తిరగాల్సింది ఇసుక పడ్డట్టు గరగరమంది. వాటర్ పంపు కింద కూలెంట్ కారి ఎండిన గులాబీ మరక. బెల్టును కన్నుతో చూసి చెప్పొచ్చన్న వీడియో ఆయనకు ఇది కనపడే అవకాశమే లేదు. ఇప్పటి బెల్టుల్లో వాడే రబ్బరు పాత రోజుల్లోలా పగిలి ముందే చెప్పదు. చక్రాల సంగతి విప్పితే గానీ తెలీదు. చాచా పర్సోం బెల్టు వేయించిన మాట నిజమే కావచ్చు, బెల్టొక్కటే వేయించి ఉంటాడు.

కొత్తది బిగించాక ఉస్తాద్ తాళం తిప్పలేదు. పిన్నులు తీసి, పెద్ద స్పానర్ పెట్టి ఇంజన్‌ను చేత్తో మెల్లగా రెండు చుట్లు తిప్పాడు. కింద రెండు, పైన ఒకటి. మళ్లీ పిన్నులు పెట్టి చూశాడు, రెండూ సరిగ్గా దిగాయి. మీరు ఎక్కడ చేయించినా ఈ రెండు చుట్లు మీ ముందు తిప్పమనండి. పాత సామాను కూడా అడిగి చూడండి. ఆ తర్వాతే స్టార్ట్ చేశాడు. కవరు మీద తెల్ల పెయింటుతో తేదీ, 82,640 అని రాశాడు. బిల్లు అడిగితే పాత డైరీ కాగితం చింపి, అన్ని సామాన్ల పేర్లూ ఉర్దూలో రాసి సంతకం పెట్టాడు. ఫొటో తీసి డ్రైవ్‌లో దాచాను.

మీరూ ఈ దారిలో తిరగాలనుకుంటే శుక్రవారం పెట్టుకోకండి. సాలార్‌జంగ్, చౌమహల్లా రెండూ ఆ రోజు మూసే ఉంటాయి, షెడ్లలోనూ మధ్యాహ్నం నమాజ్ అయ్యేదాకా పని నడవదు. జాంబాగ్ దుకాణాలకు ఆదివారం వెళ్తే షట్టర్లే కనిపిస్తాయి. శనివారం పొద్దున పదికల్లా కోఠిలో దిగితే అన్నీ అవుతాయి. శ్రీశైలం పోయేవాళ్లు మాత్రం చాంద్రాయణగుట్ట తెల్లారకముందే దాటండి. ఆరింటికి మన్ననూరు గేటు తీసేసరికి అక్కడుంటే, ఆ అడవిలో మొదటి గంట చాలా బాగుంటుంది.